రాగి ఎందుకు బిగుసుకుంటుంది? బకెట్టు, ఇసుక, ఇత్తడి రేకులతో నాలుగు వారాలు

రోజు 1

పోయిన నెల పెంబర్తికి వెళ్లినప్పుడు చూసిన ఒక చిన్న పని నా మనసులోంచి పోవడం లేదు. లక్క మీద పరిచిన ఇత్తడి రేకుమీద నగిషీ కొడుతున్న పెద్దాయన ఉన్నట్టుండి సుత్తి ఆపేశాడు. రేకు ఊడదీసి లోపలికి, చీకటిగా ఉన్న కొలిమి దగ్గరికి పట్టుకుపోయాడు.

"ఎందుకు కాకా, బాగానే వంగుతుంది కదా?" అన్నాను.

"సప్పుడు మారింది బిడ్డా. ఇగ గొడితే పగుల్తది."

రేకు మసక ఎరుపు తిరగ్గానే తీసి నీళ్లలో ముంచాడు. మళ్లీ సుత్తి వేస్తే మెత్తగా దిగింది. ఆ రేకులోకి కొత్తగా ఏదీ చేరలేదు, దాంట్లోంచి ఏదీ పోలేదు. కొడితే గట్టిపడింది, కాలిస్తే మెత్తబడింది. మెకానికల్ డిప్లొమా చదివేటప్పుడు దీనికి వర్క్ హార్డెనింగ్, అనీలింగ్ అని పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ లోపల ఏం మారిందో నా కళ్లతో ఎప్పుడూ చూడలేదు. ఈసారి చూడాలి. గట్టిపడటం కొలవడానికి రాగి తీగ, లోపలి గ్రెయిన్లు (లోహంలో పక్కపక్కనే అతుక్కుని ఉండే చిన్న చిన్న స్ఫటికాలు) చూడటానికి ఇత్తడి రేకు తీసుకుందామని నిర్ణయించుకున్నాను.

హనుమకొండలో మోటారు వైండింగ్ షాపుకి వెళ్లి 20 గేజి తీగ తెచ్చాను. వ్యాసం 0.914 మిల్లీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం 0.656 చదరపు మిల్లీమీటర్లు. ఈ లెక్కన తీగకు వేలాడే ప్రతి కిలో బరువుకూ దాదాపు 15 మెగాపాస్కల్స్ ఒత్తిడి పడుతుంది. బరువు వేసిన ప్రతిసారీ 15తో గుణిస్తే చాలు, వేరే లెక్క అక్కర్లేదు.

రోజు 2

మొదటి ప్రయత్నం పాడైంది. మెట్ల కింద ఇనుప పైపుకి తీగను ముడివేసి, కింద బకెట్టు కట్టి, ఇసుక పోస్తూ వెళ్లాను. 11 కిలోల దగ్గర టప్పున తెగింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ముడి దగ్గరే తెగింది. అంటే నేను కొలుస్తున్నది ముడి బలమే, రాగి బలం కాదు.

సాయంత్రం పద్ధతి మార్చాను. ముడి తీసేసి, పైపు చుట్టూ తీగను ఆరు చుట్లు తిప్పి, చివరను మాత్రం ఒక బోల్టు కింద బిగించాను. బావి గిలకమీద తాడులాగా చుట్ల రాపిడే బరువు మోస్తుంది, బోల్టుమీద భారం పడదు. కింద కూడా అంతే, ఒక చెక్క రోకలి ముక్కకు చుట్టాను. మధ్యలో సరిగ్గా 1 మీటరు దూరంలో రెండు మార్కర్ గీతలు పెట్టి, పక్కన స్టీలు స్కేలు నిలబెట్టాను.

రోజు 5

ఇవాళ వచ్చిన అంకెలు నాకు చాలా నచ్చాయి.

6 కిలోల వరకు తీగ సాగీ సాగనట్టు సాగింది. మీటరుకు మిల్లీమీటరు కూడా లేదు. బకెట్టు తీసేస్తే గీత మళ్లీ తన చోటికే వచ్చింది. 7 కిలోలు దాటాక మాత్రం బకెట్టు తీసినా గీత వెనక్కి రావడం మానేసింది. 10 కిలోల దగ్గర 5 సెంటీమీటర్లు శాశ్వతంగా సాగిపోయింది. 12 దగ్గర 12 సెంటీమీటర్లు. 15న్నర కిలోల దగ్గర తెగింది, అదీ ముడి దగ్గర కాదు, మధ్యలో మెడ సన్నబడి.

అసలు ప్రయోగం దీని తర్వాతే. ఇంకో తీగకు 10 కిలోలు వేసి, 5 సెంటీమీటర్లు సాగాక బకెట్టు పూర్తిగా దించేశాను. టీ తాగి వచ్చి మళ్లీ మొదటినుంచి ఇసుక పోశాను. 7 కిలోలు దాటినా కదల్లేదు. 8, 9 దగ్గరా కదల్లేదు. 10 దాటాకే మళ్లీ సాగడం మొదలుపెట్టింది. తాను ఎంత బరువు దాకా లొంగిందో తీగకు గుర్తుంది. మనసు లేని రాగి ముక్కకు ఈ జ్ఞాపకం ఎక్కడ దాగి ఉందనేదే నా ప్రశ్న.

రోజు 6

12 కిలోల దాకా సాగదీసిన తీగ పైపూతను ఎమరీతో గీకేశాను. ఎనామిల్ అలాగే కాలిస్తే వచ్చే పొగ పీల్చకూడదు. పెరట్లో, చీకటి పడ్డాక, బ్లో ల్యాంపుతో పొడవునా మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చాను. మళ్లీ వేలాడదీస్తే 3 కిలోలకే సాగడం మొదలైంది! షాపు నుంచి తెచ్చిన రోజుకన్నా మెత్తగా ఉంది. సాగి కొంచెం సన్నబడిన మాట నిజమే, కానీ ఈ తేడా దానివల్ల వచ్చింది కాదు. జ్ఞాపకం మొత్తం చెరిగిపోయింది.

రోజు 9

ఇవాళ పని ఇసుకతో కాదు, సబ్బు నీళ్లతో. 1947లో లారెన్స్ బ్రాగ్, జాన్ నై కలిసి లోహ స్ఫటికానికి ఒక నమూనా చూపించారు. ఒకే సైజు సబ్బు బుడగలను నీటిమీద తెప్పలాగా పరిస్తే, అవి అణువుల్లాగే ఒకదాన్నొకటి లాక్కుంటూ, ఒకదాన్నొకటి దూరం పెట్టుకుంటూ షట్కోణ వరసల్లో సర్దుకుంటాయి.

చేపల తొట్టి పంపు, సెలైన్ గొట్టం, ఇంజక్షన్ సూది, వెడల్పాటి స్టీలు పళ్లెం సరిపోయాయి. గిన్నెలు తోమే ద్రవంలో కాస్త గ్లిజరిన్ కలిపితే బుడగలు ఎక్కువసేపు నిలబడ్డాయి. సూదిని చేత్తో పట్టుకుంటే లోతు మారి బుడగల సైజు మారుతోంది. ఒక చెక్కముక్కకు సూదిని కట్టేశాక అన్నీ ఒకే సైజులో వచ్చాయి.

పళ్లెం నిండాక చూస్తే అంతా ఒకే వరసలో లేదు. ఇక్కడో గుంపు ఒక దిక్కుకు, పక్కన ఇంకో గుంపు మరో దిక్కుకు తిరిగి ఉన్నాయి. పైనుంచి చూస్తే వరి మడుల్లాగా ఉంది. ఒక్కో మడిలో నాటు ఒక దిక్కుగా, మధ్యన గట్టు. ఆ మడే గ్రెయిన్, ఆ గట్టే గ్రెయిన్ బౌండరీ. గట్టు మీద బుడగలు ఏ మడి వరసకూ పూర్తిగా కుదరక అడ్డదిడ్డంగా ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక బుడగ లేక ఖాళీ ఉంది. అది వేకెన్సీ, ఖాళీ స్థానం.

ఇంకా ఒకచోట మడి మధ్యలోనే ఒక వరస సగం దాకా వచ్చి ఆగిపోయింది. పైన ఏడు వరసలుంటే కింద ఆరే ఉన్నాయి. ఇదే డిస్‌లొకేషన్. పళ్లెం అంచున రెండు స్కేళ్లు పెట్టి తెప్పను మెల్లగా నొక్కాను. ఆ తెగిన వరస చివర ఒక్కో బుడగ దూరం గెంతుతూ, నా కళ్లముందే, మడి ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తింది. గట్టు దగ్గర టక్కున ఆగింది. పదిహేను నిమిషాలు అదే పనిగా నొక్కుతూ కూర్చున్నాను. మా పాప వచ్చి "నాన్నా, నేను కూడా" అని పక్కన చేరింది.

రోజు 12

ఇవాళ కాగితం పని.

స్ఫటికంలో ఒక అణువుల పొర మొత్తాన్నీ పక్క పొర మీదుగా ఒకేసారి జరపాలంటే ఎంత బలం కావాలో 1926లో యాకొవ్ ఫ్రెంకెల్ లెక్కగట్టాడు. లోహం కోత దృఢత్వంలో (పొరలు పక్కకు జరగకుండా లోహం చూపే బిగువు, షియర్ మాడ్యులస్) ఆరో వంతు చుట్టుపక్కల వస్తుంది. రాగి కోత దృఢత్వం 48 గిగాపాస్కల్స్, అంటే 48,000 మెగాపాస్కల్స్ అనుకుంటే, జరపడానికి దాదాపు 7,600 మెగాపాస్కల్స్ కావాలి. నిజానికి శుద్ధమైన మెత్తటి రాగి స్ఫటికం జారడానికి ఒక మెగాపాస్కల్ అటూ ఇటూ చాలు. వేల రెట్ల తేడా. అన్ని రెట్ల తేడా వచ్చిందంటే లెక్క అనుకున్న తీరులో లోహం జారడం లేదన్నమాట.

జవాబు 1934లో వచ్చింది. జి.ఐ. టేలర్, ఎగాన్ ఒరొవాన్, మైకేల్ పొలాన్యీ, ముగ్గురూ వేర్వేరుగా ఒకే మాట అన్నారు. పొర మొత్తం ఒకేసారి జరగదు, డిస్‌లొకేషన్ జరుగుతుంది. పెళ్లి పందిట్లో పెద్ద జంపఖానాను ఒక అడుగు పక్కకు జరపాలంటే నలుగురు లాగినా రాదు. ఒక కొసన మడత లేపి, ఆ మడతను అటు చివరిదాకా తోసుకుంటూ పోతే ఒక్కడే జరిపేస్తాడు. మడత దాటిపోయాక జంపఖానా ఒక అడుగు జరిగి ఉంటుంది. లోహంలో ఆ మడత పేరే డిస్‌లొకేషన్. రాగిలో అది ఒక్కసారి దాటితే జరిగే దూరం 0.256 నానోమీటర్లు. నా తీగ 5 సెంటీమీటర్లు సాగిందంటే ఇలాంటి అడుగులు లెక్కలేనన్ని పడ్డాయి.

కాబట్టి లోహం వంగేది లోపాలు ఉన్నా కాదు, లోపాలు ఉండబట్టే. 1956లో ఎస్.ఎస్. బ్రెనర్ వెంట్రుకకన్నా సన్నటి, దాదాపు లోపం లేని రాగి స్ఫటికాలను లాగి చూశాడు. అవి మామూలు రాగికన్నా ఎన్నో రెట్ల బలం చూపించాయి. జరగడానికి మడతే లేదు మరి. అదే ఏడాది కేంబ్రిడ్జిలో హిర్ష్, హోర్న్, వీలన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అల్యూమినియం రేకులో డిస్‌లొకేషన్లు కదలడం కళ్లారా చూశారు. ఊహ పుట్టిన 22 ఏళ్లకు అది కంటికి కనిపించింది.

మరి గట్టిపడటం ఎందుకు? ఇక్కడే నేను చాలాకాలం తికమకపడ్డాను. డిస్‌లొకేషన్ ఉంటే మెత్తన అయినప్పుడు, ఎక్కువైతే ఇంకా మెత్తన కావాలి కదా? కాదు. లోహాన్ని సాగదీసేకొద్దీ అవి పుట్టుకొస్తూనే ఉంటాయి. రెండు కొసలు ఇరుక్కుపోయిన డిస్‌లొకేషన్ విల్లులా వంగి, తన చుట్టూ తానే తిరిగి, కొత్త ఉంగరాలను వదులుతుందని ఫ్రాంక్, రీడ్ 1950లో చెప్పారు. అలా పుట్టినవి వేర్వేరు తలాల మీద ఒకదానికొకటి అడ్డం వచ్చి చిక్కుపడతాయి. ఒక జంపఖానాలో ఒక మడత అయితే సులువుగా జరుగుతుంది. పది మడతలు నానా దిక్కులనుంచి వచ్చి కలిస్తే గుడ్డ ముద్దైపోతుంది.

బాగా కాల్చి చల్లార్చిన లోహంలో ఒక ఘన సెంటీమీటరులో ఉన్న డిస్‌లొకేషన్ గీతలన్నీ కలిపితే పొడవు ఓ 100 కిలోమీటర్లు అనుకోవచ్చు. హైదరాబాద్ నుంచి జనగామ దాటి పోయేంత. బాగా కొట్టిన లోహంలో అదే ఘన సెంటీమీటరులో 10 లక్షల కిలోమీటర్లు ఉండొచ్చు. చంద్రుడి దాకా వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. గట్టిదనం ఈ సాంద్రతకు వర్గమూలంగా పెరుగుతుంది.

నా తీగ జ్ఞాపకం ఉన్నది ఈ చిక్కుముళ్లలోనే. 10 కిలోల దగ్గర పుట్టిన చిక్కులు 10 కిలోల లోపు బరువుకు విడవవు.

రోజు 16

70-30 ఇత్తడి (70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు) రేకు, 0.8 మిల్లీమీటర్ల మందం, రోలింగ్ నుంచి వచ్చిన గట్టి సరుకు. 10 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు ఐదు కత్తిరించాను. పాలిటెక్నిక్‌లో పనిచేసే స్నేహితుడి దగ్గర మఫిల్ ఫర్నేస్ (వేడిని డిగ్రీల లెక్కన పెట్టుకోగల మూసిన కొలిమి) దొరికింది. ఒకటి అలాగే ఉంచి, మిగతావి 250, 450, 600, 750 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున పెట్టాను. 750 పెట్టినప్పుడు జింకు పొగ వస్తుందని కిటికీలన్నీ తెరిచి, ఎగ్జాస్ట్ వేశాం.

రోజు 18, 19

పాలిషింగ్‌కి రెండు రోజులు పోయాయి. 220, 400, 800, 1200, 2000 ఎమరీ కాగితాలు. కాగితం మార్చిన ప్రతిసారీ పట్టీని అడ్డంగా తిప్పి, ముందరి గీతలు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. తొందరపడి 800 వదిలేస్తే ఆ గీతలే చివర్లో గ్రెయిన్ బౌండరీల్లాగా కనిపించి మోసం చేశాయి. మళ్లీ మొదటికొచ్చాను. ఆఖరున మెత్తటి గుడ్డమీద బ్రాసో పాలిష్.

ఎచింగ్‌కి, అంటే బౌండరీలు కనిపించేలా పైముఖాన్ని రసాయనంతో కొద్దిగా తినిపించడానికి, ఫెర్రిక్ క్లోరైడ్ వాడాను. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు కొనేదే, కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి, బట్టల మీద పడితే మరక పోదు. మొదటి పట్టీ నిమిషం ఉంచితే నల్లబడి పాడైంది. నీళ్లు కలిపి పలచన చేసి, 12 సెకన్లు ముంచి కడిగితే సరిగ్గా వచ్చింది. బౌండరీ దగ్గర అణువులు ఎవరి వరసలోనూ కుదురుగా లేవు కాబట్టి ద్రావకం వాటిని ముందు తింటుంది, అక్కడ సన్నటి కాలవ పడుతుంది. గ్రెయిన్ల ఒళ్లు కూడా వాటి వాటి దిక్కును బట్టి వేర్వేరుగా మెరుస్తాయి.

750 పట్టీని యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద పెట్టాను. పలుగురాళ్లు పరిచిన గచ్చులాగా గ్రెయిన్లు! చాలావాటి మధ్య స్కేలుతో గీసినట్టు తిన్నని జంట గీతలున్నాయి. అవి ట్విన్లు. గ్రెయిన్ పెరిగేటప్పుడు అణు పొరలు ఒకచోట అద్దంలో బొమ్మలా తిరగబడి, మళ్లీ సర్దుకుంటే మధ్యన ఈ చారలు మిగులుతాయి. కాల్చిన ఇత్తడికి ఇవి ముఖంమీది పుట్టుమచ్చల్లాంటివి. అల్యూమినియంలో ఇలా దాదాపు కనిపించవు.

450 పట్టీ నా మైక్రోస్కోపుకు అందలేదు. కాలేజీ మెటలర్జికల్ మైక్రోస్కోపు కింద చూడాల్సి వచ్చింది. ఫోటో మీద గీత గీసి, ఎన్ని బౌండరీలు తగులుతాయో లెక్కపెట్టాను, ట్విన్ గీతలు వదిలేసి. సగటు గ్రెయిన్ 450 దగ్గర దాదాపు 22 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 600 దగ్గర 55, 750 దగ్గర 147. 250 పట్టీలోనూ, అసలు కాల్చని దాంట్లోనూ రోలింగ్‌కి సాగి నలిగిన పాత గ్రెయిన్లే ఉన్నాయి. లెక్కపెట్టడానికి వీల్లేదు.

రోజు 23

పట్టీ ఒక కొసను వైస్‌లో బిగించి, 100 మిల్లీమీటర్ల దూరాన చిన్న డబ్బా వేలాడదీసి, గ్రాముల లెక్కన ఇసుక పోశాను. డబ్బా తీసినా 1 మిల్లీమీటరు వంపు మిగిలిపోయే బరువు కోసం వెతికాను. 450 పట్టీకి 145 గ్రాములు, 600 పట్టీకి 110, 750 పట్టీకి 95. నా పద్ధతిలో ఐదారు గ్రాముల తేడా ఎలాగూ ఉంటుంది. కాల్చని పట్టీ అరకిలో వేసినా స్ప్రింగులా వెనక్కి లేచింది. 250 పట్టీ కూడా దాదాపు అంతే.

1951లో ఇ.ఓ. హాల్, 1953లో ఎన్.జె. పెచ్ ఉక్కుమీద పనిచేసి ఇదే చెప్పారు. గ్రెయిన్ చిన్నదయ్యేకొద్దీ, దాని సైజు వర్గమూలానికి విలోమంగా బలం పెరుగుతుంది. డిస్‌లొకేషన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి బౌండరీ దగ్గర ఆగిపోతాయి. అవతలి గ్రెయిన్‌లో జారే దిక్కు వేరు, నేరుగా దాటలేవు. గుడి క్యూలైన్‌లో గేటు దగ్గర నిలబడ్డవాడి మీద పడే ఒత్తిడి వెనకున్న వరస పొడవును బట్టి ఉన్నట్టు, పెద్ద గ్రెయిన్‌లో వరస పొడుగు, గేటు తొందరగా తెరుచుకుంటుంది. చిన్న గ్రెయిన్‌లో వరస పొట్టి, బయటినుంచి ఇంకా గట్టిగా నెడితే తప్ప తెరుచుకోదు.

250 పట్టీ గురించి ఒక మాట. గట్టిదనం తగ్గలేదు కాబట్టి ఆ కాల్పు వృథా అనుకున్నాను, తప్పు. ఆ వేడికి కొత్త గ్రెయిన్లు పుట్టవు గానీ, లోపల మిగిలిన ఒత్తిడి చాలావరకు సడలిపోతుంది. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, లోపల మిగిలిన ఒత్తిడి కలిసి గ్రెయిన్ బౌండరీల వెంట చీల్చేవి. తక్కువ వేడిలో కాల్చడం దానికి మందు. సుత్తి కింద బలమిచ్చిన గట్టే, వేరే పరిస్థితిలో చీలికకు దారి అయింది.

వేడి ఎక్కువైనా బౌండరీ బలహీనతే. విమాన ఇంజన్ టర్బైన్ బ్లేడు ఎర్రటి వేడిలో తిరుగుతూ బౌండరీల వెంట మెల్లగా జారి సాగుతుంది. అందుకే వాటిని గట్లే లేని ఒకే స్ఫటికంగా పోస్తారు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం అలాంటి 60 బ్లేడ్లను విమానాలు తయారుచేసే హెచ్ఏఎల్‌కు అందించింది.

రోజు 25

ఈ నాలుగు వారాల్లో నాకు అన్నిటికన్నా విలువైన ఫోటో ఇవాళ వచ్చింది. 750 పట్టీని అద్దంలా పాలిష్ చేసి, లేతగా ఎచ్ చేసి, ఒక్కసారి కొంచెం వంచి, కాలేజీ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక్కో గ్రెయిన్ నిండా వెంట్రుకల్లాంటి సమాంతర గీతలు. ఈ గ్రెయిన్‌లో ఇటు, పక్కదాంట్లో అటు. ప్రతి గీతా బౌండరీ దాకా వచ్చి ఆగింది. వందల వేల డిస్‌లొకేషన్లు పైకి వచ్చి వదిలిన మెట్లు అవి. 1899లో ఈవింగ్, రోజెన్‌హైన్ ఇలాగే వంచిన లోహంలో వీటిని చూసి, లోహం జారుతూ వంగుతుందని చెప్పారు. అప్పటికి డిస్‌లొకేషన్ అనే మాట ఇంకా పుట్టలేదు. ఏడో తరగతి పిల్లకు కూడా ఈ ఫోటో ఒక్కటి చూపిస్తే పాఠం అయిపోతుందనిపించింది, రాత్రి మా పాపకు చూపించాను. "బుడగల్లాగే ఆగిపోయాయి నాన్నా" అంది.

అదే పట్టీని పెన్సిలు చుట్టూ పూర్తిగా వంచితే, వంపుమీద కమలాపండు తొక్కలాగా గరుకు తేలింది. పెద్ద గ్రెయిన్లు తమ తమ దిక్కుల్లో విడివిడిగా జారి, ఒకటి ఎగిసి ఒకటి దిగింది. 450 పట్టీ వంపు నున్నగానే ఉంది. మెత్తగా కావాలని ఎక్కువ కాల్చితే నగిషీ పని ముఖం పాడవుతుంది. పెంబర్తిలో కొలిమి చీకట్లో ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమైంది. ఎండ వెలుతురులో మసక ఎరుపు కంటికి తెలియదు. అది తెలిసేసరికి గ్రెయిన్లు పెరిగిపోతాయి.

రోజు 28

పట్టీలు, ఫోటోలు తీసుకుని మళ్లీ పెంబర్తి వెళ్లాను. పెద్దాయన ఫోటోలు చాలాసేపు తిప్పి తిప్పి చూసి, నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "ఇనుమును ఎర్రగ గాల్చి నీళ్లల ముంచితే బిర్రుగైతది. ఇత్తడిని ముంచితే మెత్తగనే ఉంటది. ఎందుకు బిడ్డా?"

"ఉక్కులో చల్లారేటప్పుడు అణువుల అమరికే మారిపోతుంది కాకా. నీళ్లలో ముంచితే అది సరిగ్గా మారలేక, కర్బనం లోపలే ఇరుక్కుని బిగుసుకుంటుంది. ఈ ఇత్తడిలో అలాంటి మార్పు లేదు. కొత్త గ్రెయిన్లు పుట్టేది మంటలో ఉన్నప్పుడే. తర్వాత ఎలా చల్లార్చినా ఒకటే" అన్నాను.

"సూసినవా?"

చూడలేదు. ఇంటికొచ్చి, మిగిలిన రేకులోంచి ఇంకో రెండు పట్టీలు కత్తిరించి, 600 దగ్గర అరగంట ఉంచి, ఒకటి నీళ్లలో ముంచాను, ఒకటి గాలికి వదిలేశాను. నీళ్లలో ముంచినదానికి 110 గ్రాములు, గాలికి ఆరినదానికి 112. రేపు ఫోన్ చేసి చెప్పాలి.